బర్గండీలో సైకిల్ యాత్రకు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 42, విశాఖపట్నంలో ఉద్యోగం. ఇంటి లోన్, పాప చదువు కోసం మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే 15 వేల సిప్, ఇంటి ఖర్చులు పోగా నెలకు 30 వేలు మిగులుతాయి. అత్యవసర నిధి కాకుండా ఎఫ్‌డీలో 2 లక్షలున్నాయి. ఈ సెప్టెంబరులో నేను, మా ఆవిడ ఫ్రాన్స్‌లోని బర్గండీ ద్రాక్షతోటల్లో సైకిళ్ల మీద తిరుగుతూ, వైన్ రుచి చూసి రావాలనుకుంటున్నాం. గైడ్‌తో ప్యాకేజీ ఇద్దరికీ 9 లక్షలంటున్నారు. 7 లక్షలు లోన్ తీసుకోనా, సిప్ ఆపనా?

జవాబు: రెండూ వద్దు. ఈ మే నెలలోనే మొదలుపెట్టి పొదుపు చేసి, వచ్చే మే చివర్లో వెళ్లండి. అప్పటికి పాపకు సెలవులే కాబట్టి అమ్మమ్మగారింట్లో ఉంచవచ్చు.

14 శాతం వడ్డీకి 7 లక్షలు మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 23,900. అలా 36 నెలలు కట్టాలి, వడ్డీయే లక్షా 61 వేలు. అదే మీరు నెలకు 25 వేలు బ్యాంకు ఆర్‌డీలో (రికరింగ్ డిపాజిట్) వేస్తే 13 నెలల్లో 3.25 లక్షలు. ఎఫ్‌డీ కలిపితే 5.25 లక్షలు. ఇంత తక్కువ కాలానికి షేర్ల ఫండ్ల జోలికి పోవద్దు.

ఆ డబ్బు సరిపోతుందా? గైడ్ లేకుండా వెళ్తే సరిపోతుంది. యూరోను 110 రూపాయలు అనుకుని లెక్కేశాను. విమానం టికెట్లకు 1.40 లక్షలు, పది రాత్రుల బసకు 1.32 లక్షలు, తిండికి 88 వేలు, ఐదు రోజులు రెండు ఇ-బైకుల (బ్యాటరీ సైకిళ్ల) అద్దెకు 44 వేలు, రైళ్లకు 22 వేలు, వైన్ రుచులకు 22 వేలు, వీసా, ఇన్సూరెన్స్‌లకు 30 వేలు. మొత్తం 4.78 లక్షలు. మిగిలింది అనుకోని ఖర్చులకు.

గైడ్ ఎందుకు వద్దంటున్నానంటే, బోన్ పట్టణం నుంచి సాంత్నే దాకా తోటల మధ్యగా సైకిళ్ల దారి ఉంది, సుమారు 20 కిలోమీటర్లు. పొమార్, వోల్నే, మెర్సో ఊళ్లన్నీ ఆ దారిలోనే వస్తాయి. బీచ్ రోడ్డులో ఆదివారాలు తొక్కేవాళ్లకు అదేమంత కష్టం కాదు. బోన్‌లోనే ఆరు రాత్రులు మకాం పెడితే రోజూ సామాను మోసే పని, ఆ ఖర్చు రెండూ ఉండవు. మిగతా నాలుగు రాత్రులు పారిస్‌కు. పైగా సెప్టెంబరంటే కోతల కాలం. చూడ్డానికి బాగుంటుంది కానీ చిన్న తోటల యజమానులకు ఊపిరి సలపదు, అతిథులను కూర్చోబెట్టి రుచి చూపించే తీరిక ఎక్కడిది? ఏ కాలంలో వెళ్లినా ముందే మెయిల్ పెట్టి సమయం తీసుకోండి.

వీసా ఫీజు మనిషికి 90 యూరోలు, సర్వీసు చార్జీ అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. అకౌంట్‌లో నెలనెలా పెరిగిన డబ్బు, నిన్న వచ్చి పడ్డ లోన్ డబ్బు వీసా అధికారికి ఒకేలా కనిపించవు. లోన్ వద్దనడానికి ఇదీ ఒక కారణమే.

ఇన్సూరెన్స్ కనీసం 30 వేల యూరోలకు ఉండాలి. పాలసీలో చిన్న అక్షరాలు కూడా చదవండి: మద్యం మత్తులో జరిగిన ప్రమాదానికి సాధారణంగా క్లెయిమ్ ఇవ్వరు. ఫ్రాన్స్‌లో లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాల్ పరిమితి సైకిల్ తొక్కేవాళ్లకూ వర్తిస్తుంది. రుచి చూసి ఉమ్మేయడానికి అక్కడ పాత్ర పెడతారు. మొహమాటపడకండి, వాళ్లూ అదే చేస్తారు.

యూరోలను ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) మూడు నాలుగు విడతలుగా వేసుకోండి. దుకాణంలో మెషీన్ 'రూపాయల్లో కడతారా?' అని అడిగితే వద్దనండి, యూరోల్లోనే కట్టండి. రూపాయలంటే మారకం రేటు వాళ్లిష్టం.

నాకు అసలు భయం సీసాల గురించే. వైన్ నిల్వచేసే సెల్లార్‌లో రెండు గుక్కలు పడ్డాక 80 యూరోల సీసా చవగ్గా కనిపిస్తుంది. మనిషికి రెండు లీటర్లు దాటితే ఇక్కడ కస్టమ్స్ సుంకం పడుతుంది. ఇద్దరికీ కలిపి నాలుగు సీసాలతో ఆపండి, ఆ డబ్బు ఇప్పుడే వేరుగా రాసిపెట్టుకోండి.

మీ ఆవిడకు వైన్ అలవాటు లేకపోతే బోన్‌లో 1840 నాటి 'ఫాలో' అనే ఆవముద్ద మిల్లు చూపించండి. ఆవకాయ పెట్టే చేతులకు ఆ రుచి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏ సీసా కొన్నా చెక్-ఇన్ సామానులోనే పెట్టండి, చేతి బ్యాగులో ఉంటే సెక్యూరిటీ వాళ్లు తీసేస్తారు.