మెడలో వేసుకునే అత్యవసర మీటకు పేటెంట్ వస్తుందా?

ఒంటరిగా ఉండే అమ్మమ్మ కోసం, మీట నొక్కగానే ఇంట్లోవాళ్లకు కబురూ లొకేషనూ పంపే పరికరాన్ని తయారుచేశానని, దానికి పేటెంట్ వస్తుందా అని అడిగారు.

మీట నొక్కితే కబురు వెళ్లాలన్న ఆలోచనకు మాత్రం రాదు, ఎందుకంటే అది పాతదే. 2017 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే మామూలు ఫోన్లలోనే 5 లేదా 9 అంకెను నొక్కిపట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్లాలన్న నిబంధన ఉంది. జీపీఎస్, సిమ్, బ్యాటరీ ఒకే డబ్బాలో చేరినా, దేని పాత పని అది విడిగా చేసుకుపోతుంటే, 1970 నాటి పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎఫ్) దాన్ని ఆవిష్కరణగా అంగీకరించదు.

అసలు అవకాశం మీట పనికిరాని చోట ఉంది. స్నానాలగదిలో జారిపడిన పెద్దావిడ చెయ్యి ఒంటి కింద నలిగిపోతే మీట అందదు. ఆ పడిపోవడానికీ, మంచం మీద ధబ్బున కూర్చోవడానికీ తేడాను మీ సెన్సర్ల అమరిక ఇదివరకటి పరికరాలకన్నా నమ్మకంగా, నిపుణులకు సులువుగా తట్టని పద్ధతిలో పట్టుకోగలిగితే, ఆ పద్ధతికి పేటెంట్ కోరండి.

దరఖాస్తుకు ముందు దయచేసి ఆ పరికరం వీడియోను నలుగురికీ కనిపించేలా పెట్టకండి. మీరే బయటపెట్టిన వివరం మీ కొత్తదనాన్ని దెబ్బతీస్తుంది. ముందుగా ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ గురించిన తాత్కాలిక వివరణ పత్రం) వేసి, 12 నెలల్లోగా పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వవచ్చు. తెలుగు రాష్ట్రాలవారికి చెన్నై పేటెంట్ కార్యాలయం వర్తిస్తుంది.