మాచర్లలో కూల్‌డ్రింకు షాపు పెట్టిన మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

బస్టాండు దగ్గర కొట్టు తెరిచావని, కంపెనీ వాళ్లు రెండు తలుపుల విజీ కూలర్, అదే సీసాలు బయటికి కనిపించే అద్దాల తలుపుల ఫ్రిజ్, దించి వెళ్లారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. గుంటూరులో ఇన్నేళ్లూ ఫ్రిజ్‌ల రిపేరు మీదే బతికాను కాబట్టి, ఎండలు ముదరకముందే నీకు నాలుగు మాటలు రాస్తున్నాను. ఈ కాగితం గల్లాపెట్టెలోనే ఉంచుకో.

అసలు సంగతి ముందు చెబుతాను. కూలర్ చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని లాగి బయట పారబోస్తుంది. ఆ వేడి పోయే దారి మూసుకుపోయిందా, ఎంత మంచి కూలరైనా పనిచెయ్యదు. చాలా కూలర్లను 43 డిగ్రీల వేడి వరకు తట్టుకునేలా తయారుచేస్తారు. మీకు పక్కనే రెంటచింతల. మే నెలలో అక్కడ 45 దాటిన రోజులు నువ్వూ చూశావు. రేకుల కింద ఇంకా ఎక్కువ. అంచేత కూలర్ మీద పడమటి ఎండ పడకూడదు. వెనక గోడకి జానెడు ఎడం ఉండాలి. దాని పక్కన టీ పొయ్యి పెట్టించకు, అద్దె ఎంత ఇస్తామన్నా సరే. వెనక సందు ఖాళీగా ఉంది కదా అని అట్టపెట్టెలు కుక్కొద్దు.

ఇక కింద జాలీ వెనకాల ఉండే కండెన్సర్. లోపల లాగిన వేడిని బయటికి వదిలేది అదే. నీ కూలర్ ప్రాణం అక్కడే ఉంది. మీ ఊళ్లో నాపరాయి దుమ్ము, మిరపకాయ లారీల దుమ్ము రెండూ ఉన్నాయి. అక్కడి ఫ్యాను ఆ దుమ్మంతా లాక్కుంటుంది. కొన్ని వారాలకే సన్నటి రేకుల మధ్య దుమ్ము, నూగు, వెంట్రుకలు కలిసి బూడిదరంగు కంబళిలా పేరుకుంటాయి. చేత్తో లాగితే ముక్కలు ముక్కలుగా ఊడొస్తుంది. అప్పుడు గొట్టాల్లో గ్యాస్‌ని నెట్టే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, బిల్లు పెరుగుతుంది, సీసా మాత్రం చల్లబడదు. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి ప్లగ్గు పీకి, జాలీ విప్పి, పాత పెయింట్ బ్రష్షుతో పైనుంచి కిందికి మెల్లగా దులుపు. అడ్డంగా రుద్దితే రేకులు వంగిపోతాయి. నీళ్లు మాత్రం కొట్టకు, పక్కనే ఫ్యాను మోటారు, వైర్లు ఉంటాయి.

కరెంటు దగ్గర అసలు అశ్రద్ధ చెయ్యకు. సాయంత్రం పూట వోల్టేజి బాగా పడిపోతుంటే స్టెబిలైజర్ లేకుండా కూలర్ నడపొద్దు. అందులో టైమ్ డిలే ఉండాలి, అంటే కరెంటు వచ్చాక కాసేపు ఆగి కూలర్‌కి ఇచ్చేది కావాలి. కరెంటు పోయి వెంటనే వస్తే గొట్టాల్లో గ్యాస్ ఒత్తిడి ఇంకా తగ్గి ఉండదు. ఆ ఒత్తిడి మీద కంప్రెసర్ కదల్లేక కరెంటు విపరీతంగా లాగుతుంది. మూడు నిమిషాలు ఆగితే తేలిగ్గా లేస్తుంది. కూలర్ గుర్రుమని మూలిగి, టక్‌మని ఆగి, కాసేపటికి మళ్లీ గుర్రుమంటుంటే వెంటనే స్విచ్ కట్టెయ్యి. ముందు వోల్టేజి చూడు. అది సరిగ్గానే ఉంటే కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే రిలేనో కెపాసిటరో పోయి ఉండొచ్చు. తక్కువలో అయిపోయే పని అది. అలాగే వదిలేస్తే కంప్రెసరే కాలిపోతుంది.

ఎర్తింగ్ సంగతి ఇవాళే చూసుకో. చిన్నపిల్లలు తడి చేతులతో వచ్చి ఆ హ్యాండిల్ పట్టుకుంటారు. బాడీ ముట్టుకుంటే కొంచెం జివ్వుమన్నా సరే, ఆ రోజు బేరం పోయినా ఫరవాలేదు, కూలర్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలువు. వేసవిలో ఎర్తు గుంట ఎండిపోతుంది, రోజూ ఒక బిందెడు నీళ్లు పొయ్యి.

సరుకు సర్దడం కూడా పనే. వేడి సీసాలు మధ్యాహ్నం రద్దీలో నింపితే అప్పటికే చల్లగా ఉన్నవి కూడా వెచ్చబడతాయి. రాత్రి కొట్టు కట్టేముందు నింపు, తెల్లారేసరికి చల్లబడి ఉంటాయి. కొత్తవి వెనక్కి, పాతవి ముందుకి. అరల మీద పేపర్లు, అట్టలు పరవొద్దు, చల్లగాలి ఆ కమ్మీల సందుల్లోంచే తిరగాలి. తొందరగా చల్లబడాలని థర్మోస్టాట్ చివరి నంబరుకి తిప్పేవాళ్లున్నారు. దానివల్ల తొందరేమీ ఉండదు, ఎంత చల్లబడ్డాక ఆగాలో అది చెబుతుందంతే. రాత్రికి సీసాలు గడ్డకట్టి పగులుతాయి. లోపల 4 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. మంచు పేరుకుంటే చాకుతో పొడవకు. గొట్టానికి చిల్లు పడితే గ్యాస్ మొత్తం పోతుంది. ఆపి తలుపు తీసి పెడితే అదే కరుగుతుంది.

తలుపు రబ్బరు పట్టు చూడాలంటే ఒక నోటు మధ్యలో పెట్టి మూసి లాగు. సులువుగా జారొచ్చేస్తే అక్కడ గాలి పోతున్నట్టే.

ఎవరైనా వచ్చి చూడగానే గ్యాస్ అయిపోయింది, ఎక్కిస్తానంటే ఒప్పుకోకు. గ్యాస్ దానంతటది అయిపోదు, ఎక్కడో లీకుంటేనే పోతుంది. ఆ లీకు పట్టి, అతికి, ఫిల్టరు మార్చి, గొట్టాల్లో గాలంతా లాగేసి వ్యాక్యూమ్ చేసి, తూకం ప్రకారం ఎక్కించాలి. వెనక ప్లేటు మీద ఆర్600ఎ అనో ఆర్290 అనో ఉంటే అది మండే గ్యాస్. తెలియనివాణ్ణి మంట పట్టుకుని దాని దగ్గరికి రానివ్వకు. అయినా నీది కంపెనీ కూలర్ కదా, వాళ్ల సర్వీసుకి చెప్పకుండా బయటి మెకానిక్‌ని పిలిస్తే రేపు పూచీ నీమీద పడుతుంది. కంప్లయింటు నంబరు తలుపు మీద స్టిక్కర్లో ఉందేమో చూసి రాసిపెట్టుకో.

ఇంకొకటి. కూలింగ్ ఛార్జీ అంటూ ఎమ్మార్పీ మీద రూపాయో రెండో పుచ్చుకోవద్దు. చుట్టుపక్కల కొట్లవాళ్లు తీసుకుంటున్నా నువ్వు తీసుకోకు. తూనికలు కొలతల చట్టం ఒప్పుకోదు, పైగా ఎండన పడి బస్సు దిగినవాడి దగ్గర అది న్యాయం కాదు.

వచ్చే వారం మాచర్ల వస్తాను. ఆ లోపు స్టెబిలైజర్ కొనకు, నీ కూలర్ వెనక ప్లేటు మీద ఎన్ని ఆంపియర్లని ఉందో ఫోటో తీసి పంపు. దానికి సరిపడేది నేనే చూసి తెస్తాను.

మీ మావయ్య