సీడీఎస్ యుద్ధానికి ఆదేశం ఇవ్వగలరా?

మూడు దళాలకూ పెద్ద సీడీఎస్సే (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) కదా, యుద్ధానికి ఆదేశించేది ఆయనేనా అని కర్నూలు ఎన్‌సీసీ క్యాడెట్ ఒకరు అడిగారు. కాదు. రాజ్యాంగం 53వ అధికరణం ప్రకారం రక్షణ దళాల సర్వసైన్యాధిపత్యం రాష్ట్రపతిదే అయినా, యుద్ధం చేయాలా వద్దా, ఏ లక్ష్యంతో, ఎంతవరకు అన్న జాతీయ స్థాయి నిర్ణయం ప్రధాని నేతృత్వంలోని భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘానిది. 2020 జనవరి 1న తొలి సీడీఎస్ బాధ్యతలు చేపట్టిన ఈ పదవి, ఉమ్మడి విషయాల్లో రక్షణ మంత్రికి ప్రధాన సైనిక సలహాదారు పదవే తప్ప దళాధిపతులను ఆజ్ఞాపించేది కాదు. పౌర ప్రభుత్వానిదే పైచేయిగా ఉంచిన ఈ ఏర్పాటు మనకు ఎంతో అవసరమని నా దృఢమైన అభిప్రాయం.

ఆ నిర్ణయాన్ని రంగంలోకి దించేవి కమాండ్లు, అంటే ప్రాంతాలవారీ సైనిక విభాగాలు. మన కర్నూలు జిల్లా పుణె కేంద్రంగా ఉన్న సదరన్ కమాండ్ పరిధిలోనిది. అక్కడి నుంచి కోర్, డివిజన్, బ్రిగేడ్, బెటాలియన్, కంపెనీ, ప్లటూన్ అనే ఒకదానికంటే ఒకటి చిన్న విభాగాల మీదుగా దిగివచ్చిన ఆదేశం, సుమారు పదిమంది ఉండే సెక్షన్‌కు ఫలానా గుట్టను పట్టుకోవాలన్న పనిగా అందుతుంది. 1999 కార్గిల్ యుద్ధంలో నియంత్రణ రేఖ దాటరాదని ప్రభుత్వం హద్దు విధించినందువల్ల, శిఖరాలపై మాటువేసిన శత్రువును వెనుక నుంచి చుట్టుముట్టే వీలు తగ్గి, మన జవాన్లు నిట్టనిలువు కొండలెక్కి పోరాడవలసి వచ్చింది. ఓర్వకల్లు ప్రాంతంలోని డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ) కేంద్రం ఆయుధాలను పరీక్షించేదే కాని, ఈ ఆదేశాల వరుసలో భాగం కాదు.