ఇంటర్ చదువులా చదివితే ఇక్కడ నడవదు

ప్రశ్న: నా వయసు 33. విజయవాడలో ఫిజియోథెరపీ చదివాను. పెళ్ళయి అమెరికా వచ్చి ఎనిమిదేళ్ళు. ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో కావలసిన సబ్జెక్టులు పూర్తి చేసి, ఎంక్యాట్ (వైద్య కాలేజీల ప్రవేశ పరీక్ష) రాసి, ఈ ఆగస్టులో పోడియాట్రీ, అంటే పాదాల వైద్యం చెప్పే కాలేజీలో చేరాను. ఫిలడెల్ఫియా శివారులో ఉంటాం. కాలేజీకి రైల్లో గంట ప్రయాణం. మా బాబుకి ఐదేళ్ళు. మా వారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. బాబును చూసుకోవడానికి మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు, ఆరు నెలలు ఉంటారు. ఆవిడకి పదేళ్ళుగా షుగర్ ఉంది. వంట చేసి, బాబును పడుకోబెట్టి, రాత్రి రెండింటి దాకా చదువుతున్నాను. ఐదున్నరకి లేస్తాను. ప్రతి స్లైడూ నాలుగైదు సార్లు చదువుతున్నా మొదటి అనాటమీ పరీక్షలో 64 వచ్చింది. పాస్ కావాలంటే 70 రావాలి. బయోకెమిస్ట్రీ అతికష్టం మీద గట్టెక్కింది. క్లాసులో అందరూ 22, 23 ఏళ్ళవాళ్ళు. "కాళ్ళ డాక్టరు కావడానికి ఇంత చదువా, పిల్లాడి మొహం చూసే తీరిక కూడా లేదు" అంటారు అత్తగారు. మా వారు మంచివారే. "ఈ ఒక్క సంవత్సరం ఎలాగో ఓర్చుకో" అంటారు. దసరాకి ఎక్కడికీ వెళ్ళలేదు. రైల్లో కూర్చుంటే ఊరికే ఏడుపొస్తోంది. అప్పు చేసి చేరాను. మానేయమంటారా? – ఒక సోదరి

జవాబు: మానేయాలా వద్దా అన్నది ఇప్పుడు తేల్చే విషయం కాదు. రోజుకి మూడున్నర గంటలు నిద్రపోయే మనిషికి ఏ నిర్ణయమైనా చీకటిగానే కనిపిస్తుంది. ఆ 64ని మీ తెలివికి వేసిన మార్కుగా తీసుకోకండి. పరాయి దేశంలో, బిడ్డను పెంచుకుంటూ, ఆర్గానిక్ కెమిస్ట్రీ మళ్ళీ మొదటి నుంచి చదివి ఎంక్యాట్ దాటిన మనిషి మీరు. చదవగలరా లేదా అన్న అనుమానం నాకు లేదు. మీరు చదివే పద్ధతి, మీ ఇల్లు నడిచే పద్ధతి, ఈ రెండే నన్ను కంగారు పెడుతున్నాయి.

ముందుగా మీ వారి మాట. "ఈ ఒక్క సంవత్సరం" అన్నది ఆయన ప్రేమతోనే అని ఉంటారు. కానీ లెక్క తప్పు. పోడియాట్రీ నాలుగేళ్ళ చదువు. మొదటి రెండేళ్ళు ఎక్కువగా తరగతులు, ల్యాబులు. రెండో ఏడాది చివర బోర్డు పరీక్ష మొదటి భాగం. తర్వాత క్లినిక్కులు, ఆసుపత్రి రొటేషన్లు. డిగ్రీ చేతికొచ్చాక మరో మూడేళ్ళ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో శిక్షణ. మొత్తం ఏడేళ్ళు. మీరు పట్టా పుచ్చుకుని రెసిడెన్సీ ముగించేసరికి మీ బాబుకి పన్నెండేళ్ళు వస్తాయి. ఓర్చుకోవడం అనే పద్ధతి కొన్ని వారాలకు సరిపోతుంది, ఏడేళ్ళకు సరిపోదు. కాబట్టి ఈ ఏడాది ఎలా గట్టెక్కాలి అని కాకుండా, ఏడేళ్ళు నడిచే ఏర్పాటు ఏమిటి అని మీ ఇద్దరూ ఆలోచించాలి. నేను రాసే మిగతా విషయాలన్నీ ఈ ఒక్క మాట చుట్టూ తిరిగేవే.

మీ ఉత్తరం చదువుతుంటే మీరు బైపీసీ ఎలా చదివి ఉంటారో కళ్ళకు కట్టింది. మన దగ్గర ఇంటర్ చదివినవాళ్ళందరికీ ఆ అలవాటే. తెల్లవారుజామున లేవడం, రాత్రి దాకా స్టడీ అవర్లు, చదివిందే చదవడం, బట్టీ పట్టడం, నిద్ర తగ్గించుకున్నవాళ్ళే కష్టపడ్డట్టు లెక్క. అప్పట్లో అది పనిచేసింది. ఎందుకు పనిచేసిందో కూడా చూడండి. సిలబస్ రెండేళ్ళ పాటు ఒకటే, దాన్ని పదిసార్లు తిప్పే వీలుంది. అంతకంటే ముఖ్యంగా, మీకు అన్నం పెట్టడానికి, బట్టలు ఉతకడానికి, జ్వరం వస్తే పక్కన కూర్చోవడానికి అమ్మ ఉంది, లేదా హాస్టల్ ఉంది. మీ పని చదువొక్కటే. ఇప్పుడు ఆ అమ్మ స్థానంలోనూ మీరే ఉన్నారు, విద్యార్థి స్థానంలోనూ మీరే ఉన్నారు. ఇద్దరి పనీ ఒక్కరు చేస్తూ పాత పద్ధతిలోనే చదువుతున్నారు. ఇది కుదరదు. మీరు బలహీనులు కాబట్టి కుదరడం లేదని మాత్రం అనుకోకండి.

స్లైడ్లు నాలుగైదు సార్లు చదువుతున్నానని రాశారు. అక్కడే మీ గంటలు కారిపోతున్నాయి. చదివిందే చదివితే కళ్ళకి అలవాటైపోతుంది, వచ్చేసినట్టు అనిపిస్తుంది. 2006లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. ఒక పాఠాన్ని కొందరు రెండుసార్లు చదివారు, కొందరు ఒకసారి చదివి, మూసేసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్ళే మేలు. వారం తర్వాత అడిగితే తారుమారైంది. రెండుసార్లు చదివినవాళ్ళకు 42 శాతం గుర్తుంది, మూసి రాసినవాళ్ళకు 56 శాతం. మీ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదా.

కాబట్టి స్లైడు ఒక్కసారి శ్రద్ధగా చదివి మూసేయండి. తెల్ల కాగితం తీసుకోండి. బ్రేకియల్ ప్లెక్సస్ (చేతికి వెళ్ళే నరాల అల్లిక) అయితే సీ5 నుంచి టీ1 వరకూ నరాల మూలాలు, అక్కడి నుంచి ట్రంకులు, డివిజన్లు, కార్డులు, చివర కొమ్మలు, చూడకుండా గీయండి. ఆగిపోయిన చోట ఎర్ర పెన్నుతో సరిచేయండి. మర్నాడు మళ్ళీ గీయండి, మూడు రోజులకు మళ్ళీ, వారానికి మళ్ళీ. మొదట్లో చిరాగ్గా ఉంటుంది, ఏమీ రానట్టు అనిపిస్తుంది. ఆ చిరాకుకి భయపడి మళ్ళీ స్లైడ్ల దగ్గరికి పారిపోవద్దు. బయోకెమిస్ట్రీ కూడా అంతే. గ్లైకోలిసిస్‌ను (ఒంట్లో గ్లూకోజు విడిపోయే క్రమాన్ని) పదోసారి చదవడం కంటే రెండోసారి గీయడం మేలు. రైలు గంట ఉంది కదా, అది ఆంకీ లాంటి ఫ్లాష్ కార్డుల యాప్‌కి సరిగ్గా సరిపోతుంది. వెళ్ళేటప్పుడు మాత్రమే చేయండి. వచ్చేటప్పుడు కళ్ళు మూసుకోండి, పాటలు వినండి, మీ అమ్మగారితో మాట్లాడండి.

అనాటమీ ప్రాక్టికల్ గురించి విడిగా చెప్పాలి. అక్కడ మృతదేహంలో ఒక నరానికో కండరానికో పిన్ను గుచ్చి ఇదేమిటని అడుగుతారు, నిమిషమో ఒకటిన్నర నిమిషమో ఇస్తారు. దానికి పుస్తకంలోని బొమ్మ చాలదు. ఒక్కో శరీరంలో ఒక్కో రకంగా ఉంటుంది. రాత్రి పన్నెండు తర్వాత ఇంట్లో చదివే రెండు గంటల కంటే, సాయంత్రం తరగతి అయ్యాక ల్యాబులో ఒక గంట ఎక్కువ విలువైనది. ఇద్దరో ముగ్గురో క్లాస్‌మేట్లతో కలిసి వెళ్ళండి, ఒకరినొకరు ప్రశ్నలు వేసుకోండి. వాళ్ళకు 22 ఏళ్ళే అయినా, కండరం ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటుందో, ఏ పని చేస్తుందో ఫిజియోథెరపీ చదివిన మీకు వాళ్ళకంటే బాగా తెలుసు. వాళ్ళకు మీరు చెప్పండి, మీకు రానిది వాళ్ళ దగ్గర నేర్చుకోండి. కాలి అనాటమీ లోతుగా చెప్పే రోజు వచ్చినప్పుడు, ఒక్క పాదంలోని 26 ఎముకలూ 33 కీళ్ళూ అందరికీ కొత్తగా ఉంటే, మీకు పాత పరిచయంలా ఉంటాయి. బోర్డు పరీక్ష పుస్తకాలు ఇప్పుడే ఎవరో కొన్నారని మీరూ కొనకండి. ఈ వారం పాఠం వస్తే చాలు.

ఇక నిద్ర. పెద్దవాళ్ళకు కనీసం ఏడు గంటలు కావాలని వైద్యులు చెబుతారు. పగలు నేర్చుకున్నది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. రెండింటి దాకా చదివి ఐదున్నరకి లేస్తే, చదివినది నిలవకుండా మీరే అడ్డుపడుతున్నట్టు. అదీగాక, స్టేషన్ దాకా మీరే కారు నడుపుకుంటూ వెళ్తే, ఆ కునికిపాట్లలో రోడ్డు మీదకు వెళ్ళడం నాకు అసలు ఇష్టం లేదు. రాత్రి పదిన్నరకు పుస్తకం మూసేయండి. భయంగా ఉంటుందని తెలుసు. మూడు వారాలు చేసి చూడండి, మార్కులు పడిపోతే అప్పుడు నన్ను తిట్టండి.

పదిన్నరకి మూయాలంటే ఆ రెండు మూడు గంటలు ఇంకెక్కడి నుంచో రావాలి. అవి ఇంటి పనిలో నుంచి రావాలి. మీ ఉత్తరంలో "వంట చేసి, బాబును పడుకోబెట్టి" అన్న మాట మామూలుగా వచ్చేసింది. ఉదయం ఆరింటికి బయల్దేరి సాయంత్రం ఇల్లు చేరే మనిషి వంట ఎందుకు చేస్తోంది? మీ వారు మంచివారని రాశారు, నమ్ముతాను. అందుకే ఆయనతో ఈ మాట సూటిగా చెప్పగలరు. ఆయన మీకు "సాయం" చేయడం కాదు, కొన్ని పనులు పూర్తిగా ఆయనవి కావాలి. రాత్రి వంట, గిన్నెలు, బాబు స్కూలు నుంచి వచ్చే ఈమెయిళ్ళు, డాక్టరు అపాయింట్‌మెంట్లు, వారానికి సరిపడా సరుకులు. గుర్తు చేయాల్సిన అవసరం కూడా మీకు ఉండకూడదు. ఆయన చేసే పప్పు మీ రుచికి రాకపోతే తినేయండి, సరిదిద్దొద్దు. వారానికి రెండు రోజులు బయటి నుంచి తెప్పించుకుంటే కొంపేమీ మునగదు. శివారుల్లో మన తెలుగువాళ్ళు ఇళ్ళలో వండి ఇచ్చేవాళ్ళు ఉంటారు, వాకబు చేయండి.

ఇంకో విషయం మీ ఇద్దరూ గమనించినట్టు లేదు. అత్తగారు ఆరు నెలలే ఉంటారు. ఆవిడ తెనాలి తిరిగి వెళ్ళే సమయం మీ రెండో సెమిస్టర్‌తో ఢీకొంటుంది. అప్పుడు బడి వదిలాక బాబు ఎక్కడ ఉంటాడు? ఆఫ్టర్ కేర్‌లో చోటు దొరకడానికి చాలాచోట్ల వెయిటింగ్ ఉంటుంది. ఈ నెలలోనే మీ వారు ఫోన్లు చేసి పేరు రాయించాలి. ఇది ఆయన పని.

అత్తగారి మాట మీకు ఎంత గుచ్చుకుందో తెలుస్తూనే ఉంది. కానీ ఆవిడ వైపు నుంచీ ఒకసారి చూడండి. తెనాలిలో కాలికి పుండైతే సర్జన్ దగ్గరికో షుగర్ డాక్టరు దగ్గరికో వెళ్తారు. పాదాల కోసం వేరే చదువు, దానికి వేరే డాక్టరు, ఆపరేషన్లు చేసే అధికారం, ఇదంతా మన ఊళ్ళలో ఎవరూ చూసింది కాదు. మీరు కూర్చుని చెప్పారా? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. అలాంటివాళ్ళలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గి, చెప్పు కరిచినా, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. తెలిసేసరికి వేలు తీసేయాల్సిన స్థితి వస్తుంది. మీరు నేర్చుకుంటున్నది దాన్ని ఆపే విద్య. పదేళ్ళుగా షుగర్ ఉన్న ఆవిడకి ఈ మాట మనందరికంటే ముందే అర్థమవుతుంది.

ఒక ఆదివారం ఆవిడ పాదాలు ఒళ్ళో పెట్టుకుని చూడండి. వేళ్ళ సందులు, మడమ పగుళ్ళు, రంగు మారిన చోట్లు. రోజూ ఒకసారి చూసుకోమని, వట్టి కాళ్ళతో తిరగొద్దని, వేడినీళ్ళు కాళ్ళ మీద పోసుకునే ముందు మోచేత్తో చూసుకోమని చెప్పండి. వైద్యం మాత్రం మీరు చేయకండి, మీరింకా మొదటి ఏడాది విద్యార్థి. పుండు గానీ, ఆనెకాయ గానీ కనిపిస్తే డాక్టరుకి చూపించండి. ఆవిడ మనసు మార్చడానికి ఇది చేయమనడం లేదు. మారవచ్చు, మారకపోవచ్చు. ఆవిడ కాళ్ళకు అవసరం కాబట్టి చేయమంటున్నాను. ఇక "తీరిక లేదు" అన్నప్పుడు జవాబు చెప్పాల్సింది మీరు కాదు, ఆవిడ కొడుకు. "అమ్మా, తను చదువుకోవాలని ఇద్దరం కలిసి అనుకున్నాం" అని ఆయన ఒక్కసారి గట్టిగా చెబితే సగం మాటలు ఆగుతాయి.

బాబు గురించి పెద్దగా చెప్పను. ఐదేళ్ళ పిల్లాడికి రోజంతా అమ్మ అక్కర్లేదు, ఫలానా సమయానికి అమ్మ వస్తుందన్న నమ్మకం కావాలి. రోజూ పడుకునే ముందు అరగంట, ఫోను వేరే గదిలో పెట్టి. ఆదివారం మధ్యాహ్నం దాకా పుస్తకం ముట్టుకోవద్దు. పరీక్ష వారంలో కూడా ఆ అరగంట కోయొద్దు.

ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. మార్కులు తక్కువొచ్చిన పాఠం చెప్పే ప్రొఫెసర్‌ను కలవండి. మన అలవాటు ప్రకారం మార్కులు తక్కువైతే లెక్చరర్ కంటపడకుండా తిరుగుతాం. ఇక్కడ వెళ్ళి అడిగినవాళ్ళనే శ్రద్ధ ఉన్నవాళ్ళుగా చూస్తారు. మీ జవాబుల్లో ఎక్కడ తప్పాయో చూపించమనండి, పై తరగతి విద్యార్థి ట్యూటరింగ్ ఉందా అని అడగండి.

రైల్లో వచ్చే ఏడుపును తేలిగ్గా తీసుకోలేను. నిద్ర సరిపోయాక తగ్గిపోవచ్చు. రెండు వారాలైనా తగ్గకపోయినా, తినబుద్ధి కాకపోయినా, కాలేజీలో విద్యార్థులకు ఉండే కౌన్సెలింగ్ సేవకు వెళ్ళండి. అక్కడ చెప్పింది మామూలుగా బయటికి పొక్కదు, మీ మార్కుల రికార్డులోకి ఎక్కదు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, పగలైనా రాత్రైనా అమెరికాలో ఇలాంటి కష్టంలో ఉన్నవాళ్ళ కోసం ఉన్న సహాయ నంబరు 988కి ఫోన్ చేయండి.

చివరగా మీరడిగిన ప్రశ్న. డిసెంబరు పరీక్షలు అయ్యేదాకా మానేసే సంగతి పక్కన పెట్టండి. అప్పుడు మార్కులు చేతిలో పెట్టుకుని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. లీవు తీసుకుందామనుకుంటే ముందు రెండు విషయాలు రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇలాంటి కోర్సుల్లో చాలావరకు ఒక్కో సబ్జెక్టు ఏడాదికి ఒక్కసారే చెబుతారు, కాబట్టి మధ్యలో ఆగితే తర్వాతి బ్యాచ్‌తో కలవాల్సి రావచ్చు. మీది ఫెడరల్ లోన్ (అమెరికా ప్రభుత్వం ఇచ్చే అప్పు) అయితే, ఏడాదిలో 180 రోజులకు మించి లీవులో ఉంటే కాలేజీ మానేసినట్టే లెక్కవేస్తారు, అప్పు తీర్చే గడియారం మొదలవుతుంది. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి ఈ ప్రశ్నలు ఈమెయిల్ పెట్టడానికి పది నిమిషాలు చాలు, అది కూడా మీ వారి చేత రాయించండి, పంపేది మీరు. రేపు సాయంత్రం మాత్రం తరగతి అయ్యాక నేరుగా రైలెక్కకుండా, ఒక గంట ల్యాబులో ఉండి రండి.