టెక్ సందేహాలు: ఫంక్షన్‌లో కనిపించిన పేరు మెయిన్‌లో ఏమైంది?

సందేహం: బీటెక్ మొదటి ఏడాది చదువుతున్నాను. యూజర్ దగ్గర పేరు తీసుకోవడానికి సీ భాషలో పేరు_చదువు అని ఒక ఫంక్షన్ రాసి, దానికి చార్ పాయింటర్ (అక్షరాలున్న చోటి అడ్రస్ దాచుకునే వేరియబుల్) పంపించాను. లోపల ప్రింట్ చేస్తే పేరు సగమే వస్తోంది, వెంకటేశ్వర్లు అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే వెంకటే దగ్గర ఆగిపోతోంది. మెయిన్‌లోకి వచ్చాక ప్రింట్ చేస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రామ్ ఆగిపోతోంది. సీనియర్ చెబితే మెమరీ అడిగి తెచ్చే మాలాక్‌లో 50 తీసి 500 పెట్టాను, ఏమీ మారలేదు. ల్యాబ్ ఎగ్జామ్ దగ్గరికొచ్చింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ కోడ్ చూశాను. ఇందులో ఉన్నవి రెండు వేర్వేరు తప్పులు, రెండూ ఒకేసారి కనిపించేసరికి మీకు ఒకటే అనిపించింది. మాలాక్ సైజుకి వీటితో సంబంధం లేదు, దాన్ని మళ్లీ 50 చేసేయండి.

ముందు పెద్దది. మెయిన్‌లో పేరు అనే పాయింటర్‌కి నల్ (ఏ అడ్రస్సూ లేదని గుర్తు) పెట్టి, దాన్ని ఫంక్షన్‌కి పంపారు. ఫంక్షన్‌లో దాని పేరు పి. సీలో ఏ పారామీటర్ అయినా కాపీగానే వెళ్తుంది, పాయింటర్ అయినా సరే. మీ దగ్గర డోర్ నంబరు రాసిన చీటీ ఉంది, దాని జిరాక్స్ తీసి తమ్ముడికిచ్చారనుకోండి. వాడు ఆ ఇంటికెళ్లి గోడకు రంగేస్తే మీరు వెళ్లినప్పుడూ ఆ రంగే కనిపిస్తుంది, కానీ వాడు తన జిరాక్స్ మీద నంబరు కొట్టేసి వేరే నంబరు రాసుకుంటే మీ చీటీలో ఏం మారుతుంది? పి = మాలాక్(50) అన్నప్పుడు మీరు చేసింది ఈ రెండో పని. మెయిన్‌లోని పేరు నల్‌గానే ఉండిపోయింది, పైగా ఆ 50 బైట్ల అడ్రస్ ఇక ఎవరి దగ్గరా లేదు, ఫంక్షన్ పిలిచిన ప్రతిసారీ అంత మెమరీ లీక్.

నా మాట నమ్మడం కాదు, మీ కళ్లతో చూడండి. మెయిన్‌లో పేరు, &పేరు రెండింటినీ, ఫంక్షన్‌లో పి, &పి రెండింటినీ అడ్రస్ చూపించే %పి తో ప్రింట్ చేయండి, ఫంక్షన్‌లో మాలాక్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. &పేరు, &పి వేర్వేరు అడ్రస్‌లని తెలుస్తుంది, మాలాక్ తర్వాత పి మారడం, మెయిన్‌కి తిరిగొచ్చాక కూడా పేరు దగ్గర లైనక్స్‌లో (నిల్) అనే రావడం కనిపిస్తుంది. చాలామంది స్ట్రింగ్ చూపించే %ఎస్ ఒక్కటే ప్రింట్ చేసి చూస్తారు, అది మోసం చేస్తుంది. నల్ ఇస్తే ఒకచోట (నల్) అని చూపిస్తుంది, ఇంకోచోట క్రాష్ అవుతుంది, ఎందుకంటే ఫార్మాట్‌లో %ఎస్, కొత్త లైను తప్ప ఇంకేమీ లేకపోతే జీసీసీ కంపైలర్ ఆ ప్రింట్ఎఫ్‌ని పుట్స్‌గా మార్చేయగలదు, పుట్స్‌కి నల్ ఇస్తే అంతే. జీడీబీ డీబగ్గర్ అలవాటుంటే -జీ తో కంపైల్ చేసి, ఫంక్షన్‌లో ఆగి, అప్ కొట్టి, ప్రింట్ పేరు అనండి. సున్నా వస్తుంది.

ఇక సగం పేరు సంగతి. పేరు చదివే ఎఫ్‌గెట్స్‌కి సైజుగా సైజ్ఆఫ్(పి) ఇచ్చారు. అది స్ట్రింగ్ సైజు కాదు, పాయింటర్ సైజు. 64 బిట్ మెషీన్‌లో 8. ఎఫ్‌గెట్స్ చివరి నల్ బైట్‌కి ఒకటి ఉంచుకుని 7 చదువుతుంది. వెంకటే అన్నది ఇంగ్లిష్‌లో సరిగ్గా 7 అక్షరాలు! అదే పేరు తెలుగు లిపిలో టైప్ చేసి చూడండి, యూటీఎఫ్-8లో వ కి 3 బైట్లు, ఎత్వానికి 3, మిగిలిన ఒక్క బైట్‌లో సున్నా పట్టదు కాబట్టి వె పక్కన విరిగిన గుర్తేదో వస్తుంది.

మొదటి తప్పు సరిచేయడానికి చార్ **పి (పాయింటర్‌కి పాయింటర్) తీసుకుని, పిలిచేటప్పుడు &పేరు ఇచ్చి, లోపల *పి = మాలాక్(50) అనొచ్చు. అప్పుడు అక్షరం కావాలంటే (*పి)[1] అని రాయాలి, బ్రాకెట్లు మరిచిపోయి *పి[1] అంటే పూర్తిగా వేరే చోటికి పోతుంది. కానీ నేనైతే మీకు ఇది చెప్పను. మెయిన్‌లోనే చార్ పేరు[50] పెట్టుకోండి, పేరు_చదువు(పేరు, సైజ్ఆఫ్(పేరు)) అని అడ్రస్‌తో పాటు సైజునూ పంపండి, లోపల ఎఫ్‌గెట్స్‌కి ఆ వచ్చిన సైజే ఇవ్వండి. మాలాక్ లేదు, ఫ్రీ గొడవ లేదు. సైజు అడగని గెట్స్ ఫంక్షన్‌ని 2011 నాటి సీ ప్రమాణం పూర్తిగా తీసేసింది, బఫర్ ఎంతో దానికి తెలిసే దారే లేదు మరి.

సందేహం: ల్యాబ్‌లో టర్బో సీలో నడిచిన ప్రోగ్రామ్ ఇంట్లో జీసీసీలో సెగ్ ఫాల్ట్ ఇస్తోంది. చార్ *ఊరు లో "గుంటూరు" అని ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో పెట్టి, ఫంక్షన్‌లో మొదటి అక్షరం పెద్దది చేస్తున్నాను, అంతే.

జవాబు: కోట్స్‌లో రాసిన స్ట్రింగ్‌ని మార్చకూడదు. జీసీసీ దాన్ని రాయడానికి వీల్లేని భాగంలో పెడుతుంది, డాస్‌లో అలాంటి రక్షణ లేదు కాబట్టి టర్బో సీలో తప్పు బయటపడలేదు. చార్ ఊరు[] అని మార్చండి, మీ సొంత కాపీ వస్తుంది. మార్చే ఉద్దేశం లేని స్ట్రింగ్‌లకు మాత్రం కాన్‌స్ట్ చార్ * అని రాయండి, అప్పుడు పొరపాటున మార్చబోతే కంపైల్ దశలోనే ఎర్రర్ వచ్చి, ఏ లైన్లోనో కూడా చెబుతుంది.