నీలి కోళ్ల పిల్లల్లో కొన్ని నల్లగా ఎందుకు వస్తాయి? ఆ రంగును నిలబెట్టుకోవడం ఎలా?

నీలి రంగు ఆండలూషియన్ జాతి పుంజును, పెట్టను తెచ్చి జతకట్టిస్తే పిల్లల్లో దాదాపు సగమే నీలిగా వచ్చాయనీ, మిగిలినవాటిలో కొన్ని నల్లగా, కొన్ని తెలుపు మీద మసి చిమ్మినట్టు ఉన్నాయనీ, అమ్మినవారు కల్తీ జాతిని అంటగట్టారేమోననీ మీరు అడిగారు. ఎన్నో ఏళ్లుగా ఈ రంగునే పెంచుతున్న అనుభవంతో చెబుతున్నాను, మీ కోళ్లలో కల్తీ లేదు. నీలి కోళ్లను నీలి కోళ్లతో కలిపితే రావలసిన పిల్లలే వచ్చాయి.

నీలి అనేది నలుపును పలచబరిచే ఒక జన్యువు వల్ల వచ్చే రంగు. ఆ జన్యువు ఒక ప్రతి (నకలు) తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉంటే నలుపు పలచబడి నీలి బూడిదగా కనిపిస్తుంది, రెండు ప్రతులు ఉంటే ఇంకా పలచబడి మీరు చెప్పిన మచ్చల తెలుపు అవుతుంది, దీన్నే పెంపకందారులు స్ప్లాష్ అంటారు. అసలు లేకపోతే కోడి నల్లగానే ఉంటుంది. కాబట్టి నీలి పుంజు, నీలి పెట్ట కలిస్తే సగటున సగం నీలి, పావు వంతు నలుపు, పావు వంతు స్ప్లాష్ వస్తాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో బేట్సన్, పన్నెట్ అనే శాస్త్రవేత్తలు ఈ నిష్పత్తిని వివరించింది కూడా మీ దగ్గరున్న ఆండలూషియన్ జాతి ఆధారంగానే. నీలి రంగు నిక్కచ్చిగా నిలిచే జాతిని తయారుచేయడం ఎవరివల్లా కాదు, ఎందుకంటే నీలి కోడి ఎప్పుడూ ఒక్క ప్రతితోనే ఉంటుంది.

అందుకే మీ నల్ల పిల్లలను, స్ప్లాష్ పిల్లలను దయచేసి వదిలించుకోకండి. నల్లదాన్ని స్ప్లాష్‌తో కలిపితే పిల్లలన్నీ నీలిగానే వస్తాయి. నీలిని నలుపుతో కలిపితే సగం నీలి, సగం నలుపు వస్తాయి, స్ప్లాష్ ఒక్కటీ రాదు. నాకు ఈ రెండో జతే ఎక్కువ ఇష్టం. మంచి నీలి పెట్ట రొమ్ము మీది ఈకను ఒకటి తీసి వెలుతురులో పట్టి చూస్తే, మధ్యలో మబ్బు రంగు, చుట్టూ అంచున దాదాపు నల్లగా సన్నని గీత కనిపిస్తుంది. ఆండలూషియన్ అందమంతా ఆ అంచు గీతలోనే ఉంది. స్ప్లాష్‌ను పదేపదే వాడిన వంశ వరుసల్లో ఆ గీత మసకబారిపోవడం, నల్లవాటిని మధ్యమధ్య కలిపిన వరుసల్లో అది పదునుగా నిలవడం నేను గమనించాను. పుట్టిన రోజే చాలావరకు తేడా తెలుస్తుంది. నీలి పిల్ల నూగు బూడిద రంగులో ఉంటుంది, నల్ల పిల్లకు వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంటాయి, స్ప్లాష్ పిల్ల పాలిపోయిన లేత రంగులో ఉంటుంది. కానీ అంచు గీత ఎలా ఉందో పెద్ద ఈకలు పూర్తిగా వచ్చాకే తేల్చాలి, అంతకుముందే ఏరివేత మొదలుపెడితే మంచివి చేజారిపోతాయి.

లావెండర్ అనే రంగును కూడా కొందరు నీలి అని పొరబడి కొంటారు. అది వేరే జన్యువు, రెండు ప్రతులు ఉంటేనే బయటపడుతుంది, కనుక లావెండర్ జంటకు పిల్లలన్నీ లావెండరే. అంచు గీత ఉండదు, ఈక అంతా ఒకే లేత బూడిద రంగు. దానితో పాటు కొన్ని వరుసల్లో ఈకలు ఆలస్యంగా రావడం, తోక ఈకలు చివికిపోయినట్టు ఉండడం అనే లోపం వస్తుంది. దానికి విరుగుడుగా, గట్టి ఈకలున్న నల్ల కోడితో ఒక తరం కలిపి, నల్లగా వచ్చిన ఆ పిల్లలను మళ్లీ లావెండర్‌తో కలిపి, మంచి ఈకలున్న లావెండర్ పిల్లలను ఎంచుకోవాలి.

చారల ఈకలు, వెండి మెడ, చాక్లెట్ రంగు వంటివి, పిల్ల పుంజో పెట్టో నిర్ణయించే లింగ క్రోమోజోము మీద ఉండే జన్యువుల పని. కోళ్లలో పుంజుకు జెడ్ అనే ఈ క్రోమోజోములు రెండు, పెట్టకు ఒకటే, కాబట్టి పెట్టకు ఈ రంగులను దాచుకోవడం కుదరదు, పుంజు మాత్రం చాక్లెట్‌ను కనిపించకుండా మోయగలదు. చారల పెట్టను నల్ల పుంజుతో కలిపితే మగపిల్లలకే చారలు వస్తాయి, ఆడపిల్లలు నల్లగా ఉంటాయి. పుట్టగానే మగపిల్లల నడినెత్తిన తెల్లని చుక్క కనిపిస్తుంది, దాన్నిబట్టి మొదటి రోజే పుంజో పెట్టో చెప్పవచ్చు.

మీరు ముందు ముందు చెవి దగ్గర ఈకల కుచ్చులున్న అరౌకానా, పొట్టి కాళ్ల జపనీస్ బాంటం వంటివి కూడా పెంచాలనుకుంటున్నట్టు రాశారు కనుక ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఈ రెండు లక్షణాలూ ఒక్క ప్రతిలో అందం, రెండు ప్రతుల్లో ప్రాణాంతకం. రెండు వైపులా ఆ లక్షణం ఉన్నవాటిని కలిపితే పావు వంతు పిల్లలు గుడ్డులోనే చనిపోతాయి. ఒకదానికి కుచ్చులు ఉండి, రెండోది అవి లేని అరౌకానా అయితే రెండు ప్రతుల పిల్లలు రాకుండా సగం పిల్లలకు కుచ్చులు వస్తాయి. ఈకలు వెనక్కి వంకర తిరిగే ఫ్రిజిల్ కోళ్లలో చావు ఉండదు గానీ, రెండు ప్రతులున్న పిల్లకు ఈకలు పెళుసై విరిగిపోయి ఒళ్లు బోసిపోతుంది, చలికి తట్టుకోలేదు. తెలిసి తెలిసి అలాంటి జతలు కట్టడం తప్పని నా అభిప్రాయం. గులాబీ తురాయి, అంటే నెత్తిన చదునుగా బుడిపెలతో ఉండే ఎర్రని తురాయి విషయంలో ఇబ్బంది వేరు. ఆ జన్యువు రెండు ప్రతులున్న పుంజుల్లో వీర్యకణాల కదలిక తగ్గి గుడ్లు ఎక్కువగా మురిగిపోతాయి. ఆ జన్యువు లేని ఒంటి తురాయి కోళ్లు ఆ జాతుల్లో అప్పుడప్పుడూ కనిపిస్తుంటే వాటిని లోపంగా చూడకుండా ఒకటి రెండు ఉంచుకోవడం మంచిది.

అరుదైన జాతుల్లో రంగు కంటే ముందు కాపాడవలసింది సత్తువ. కొద్ది కోళ్లతోనే తరాలు గడిస్తే దగ్గరి రక్తం కలిసి మొదట గుడ్లు మురగడం, తర్వాత పిల్ల పెంకు పగలగొట్టలేక లోపలే పోవడం పెరుగుతుంది. రంగు ఎంత బాగున్నా, నిలబడే తీరు సరిగా లేని, తిండికి వెనకబడే కోడిని నేను జతకు ఉంచను. మీకు స్థలం ఉంటే మూడు కుటుంబాలుగా విడదీయండి. ఆడపిల్లలు తల్లి కుటుంబంలోనే ఉండాలి, ప్రతి తరంలో ఎంపిక చేసిన పుంజు పక్క కుటుంబానికి వెళ్లాలి, మూడో కుటుంబం పుంజు మొదటిదానికి రావాలి. ప్రతి పిల్లకూ రెక్క పట్టీయో కాలి రింగో వేసి, తల్లిదండ్రుల సంఖ్యలు పుస్తకంలో రాసుకోండి, లేకపోతే ఈ పద్ధతి రెండో తరానికే తలకిందులవుతుంది. పుంజును మార్చిన వెంటనే వచ్చిన గుడ్లను పొదిగించవద్దు. పాత పుంజు వీర్యం పెట్ట శరీరంలో రెండు మూడు వారాల దాకా పనిచేస్తుంది, కనుక కనీసం మూడు వారాలు ఆగి, ఆ తర్వాతి గుడ్లను మాత్రమే పొదుగుకు వేస్తే తండ్రి ఎవరన్న దానిలో సందేహం ఉండదు.