రాకెట్లంటే ఇష్టమైతే ఏరోస్పేసే చదవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. రాకెట్ ప్రయోగం ఉందంటే టీవీ ముందు నుంచి కదలదు. ఏరోస్పేస్ ఇంజినీరింగ్ తప్ప మరొకటి చదవనని పట్టుబట్టింది. కంప్యూటర్ సైన్స్ అయితే ఉద్యోగానికి ఢోకా ఉండదని మా ఆలోచన. ఇంట్లో రోజూ ఇదే వాదన. మీరేమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరిద్దరూ వాదించుకుంటున్నది కోర్సు పేరు గురించి. రాకెట్‌కు ఆ పేర్లతో పని లేదు. అది నేల వదిలినప్పటి నుంచి గమ్యం చేరేదాకా ఎక్కడెక్కడ ఎవరి చదువు అక్కరకు వస్తుందో ఓసారి చూడండి. మీ అమ్మాయిని లాగుతున్నది ఆ మంటా, పొగా, చప్పుడా లేక వాటి వెనకున్న ఫలానా సమస్యా అన్నది అప్పుడు తేలుతుంది. ముందు తేల్చుకోవలసింది అదే.

ఆమెను ఒక ప్రశ్న అడగండి. ఉపగ్రహం కింద పడిపోదెందుకు? ‘అంత ఎత్తున గురుత్వాకర్షణ ఉండదు కదా’ అంటుందేమో. చాలామంది అదే అంటారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున. అక్కడ కూడా భూమ్యాకర్షణ నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. నిజానికి ఆ కేంద్రం నిరంతరం పడుతూనే ఉంది. కాకపోతే సెకనుకు 7.7 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా దూసుకుపోతుంటుంది కాబట్టి, అది ఎంత కిందికి పడితే దాని కింద భూమి కూడా అంతే వంపు తిరుగుతుంది. అంటే రాకెట్ అసలు పని ఎత్తుకు మోసుకెళ్లడం కాదు, అడ్డంగా ఆ వేగాన్ని ఇవ్వడం. మొదట నిటారుగా లేచేది దట్టమైన గాలిలోంచి త్వరగా బయటపడడానికే. కాసేపటికే వంగడం మొదలుపెడుతుంది. టీవీలో పొగచార ఒంపు తిరిగి కనబడేది అందుకే.

ఆ వేగం సంపాదించడంలోనే ఉంది కష్టమంతా. రష్యా శాస్త్రవేత్త సియల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన సమీకరణం ప్రకారం రాకెట్‌కు దక్కే వేగం రెండింటి మీద ఆధారపడుతుంది: వాయువులు వెనక్కి ఎంత వేగంతో వెలువడుతున్నాయి, బయలుదేరినప్పటి బరువుకూ ఇంధనం అయిపోయాక మిగిలిన బరువుకూ నిష్పత్తి ఎంత. మొదటిదాన్ని రెండోదాని సహజ లాగరిథమ్‌తో గుణించాలి. గాలి, గురుత్వాకర్షణ మింగేసేది కూడా కలుపుకుంటే కక్ష్య చేరడానికి సెకనుకు 9 కిలోమీటర్ల పైచిలుకు కావాలి. వాయువుల వేగం సెకనుకు 3 కిలోమీటర్లనుకుని, 9కే లెక్క కట్టినా నిష్పత్తి దాదాపు 20 వస్తుంది. అంటే 20 టన్నుల రాకెట్‌లో 19 టన్నులు ఇంధనమూ, దాన్ని మండించే ఆక్సీకారిణీనే. ట్యాంకులు, ఇంజిన్, ఎలక్ట్రానిక్స్, ఉపగ్రహం అన్నీ మిగిలిన ఒక్క టన్నులో ఇమడాలి! ఇంధనం ఖాళీ అయిన దశను, అంటే రాకెట్‌లోని ఆ భాగాన్ని, దారిలోనే వదిలించుకునేది అందుకే. లాగరిథమ్‌లు తెలిస్తే చాలు, ఈ లెక్క ఆమె కాగితం మీద చేయగలదు. చేయమనండి. 3 స్థానంలో హైడ్రోజన్ ఇంజిన్లకు సరిపోయే 4.4 వేసి చూడమనండి. నిష్పత్తి ఎంతగా తగ్గిందో చూసి కళ్లు మెరిస్తే ఆమె దారి ప్రొపల్షన్, అంటే రాకెట్‌ను ముందుకు నెట్టే ఇంజిన్ల విద్య. దానికి మెకానికల్, కెమికల్, ఏరోస్పేస్ మూడింటి నుంచీ వెళ్లవచ్చు. హైడ్రోజన్‌ను అతి చల్లని ద్రవంగా వాడే క్రయోజెనిక్ ఇంజిన్‌లో ఒక పక్క మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్, కాస్త అవతల దాదాపు 3,000 డిగ్రీల మంట. ఆ రెండింటినీ తట్టుకునే లోహం సంగతి మెటలర్జీ వారిది.

ఇక మీరు చెబుతున్న కంప్యూటర్ సైన్స్. 1996 జూన్ 4న యూరప్ వారి ఏరియాన్-5 తొలిసారి ఎగిరి, 40 సెకన్ల ప్రాంతంలో దారి తప్పి ముక్కలైంది. ఇంజిన్ బాగానే ఉంది, ఇంధనమూ బాగానే ఉంది. దిశ చూపే సాఫ్ట్‌వేర్‌లో కొంత భాగాన్ని పాత ఏరియాన్-4 నుంచి యథాతథంగా తెచ్చి పెట్టారు. కొత్త రాకెట్ అడ్డవేగం పాతదానికంటే చురుగ్గా పెరిగింది. దానికి సంబంధించిన ఒక సంఖ్య 16 బిట్ల చోటులో పట్టలేదు. గరిష్ఠంగా 32,767 మాత్రమే పట్టే చోటది. లెక్క తప్పడంతో రాకెట్ ఒక్కసారిగా పక్కకు మళ్లింది. కాబట్టి కంప్యూటర్ సైన్స్ చదివితే రాకెట్లకు దూరమవుతానని మీ అమ్మాయి బెంగపడనక్కర్లేదు.

కక్ష్య దాటాక ప్రయాణం మరో రకం. అక్కడ ఇంజిన్ మండేది కొద్దిసేపే, మిగతా దారంతా ఆ ఊపు మీదే సాగుతుంది. అపోలో-11 1969 జూలై 16న బయలుదేరి నాలుగో రోజుకే చంద్రుడి కక్ష్యలో ఉంది. చంద్రయాన్-3 2023 జూలై 14న బయలుదేరి ఆగస్టు 5న గానీ ఆ కక్ష్య చేరలేదు. తేడా రాకెట్ బలంలో ఉంది. అపోలోను మోసిన శాటర్న్-5 బరువు దాదాపు 2,900 టన్నులు, మన ఎల్‌వీఎం-3 బరువు 640. అందుకని చంద్రయాన్ భూమి చుట్టూ కోలగా తిరుగుతూ, భూమికి అతి దగ్గరగా వచ్చినప్పుడల్లా ఇంజిన్ మండించుకుంది. ఊయలను సరైన క్షణంలో తోస్తే చిన్న తోపుకే పైకి పోతుంది చూడండి, అలా కక్ష్య విడతలవారీగా సాగి చివరికి చంద్రుణ్ని అందుకుంది. ఆ క్షణాలను లెక్కగట్టేవారికి కావలసింది గణితం, భౌతికశాస్త్రం. ఈ పనికి బీటెక్ ఒక్కటే దారి కాదు, బీఎస్సీ తర్వాత పీజీ, పరిశోధన మీదుగా వచ్చినవారూ ఉంటారు.

ఉద్యోగాల మాట. బీటెక్ వారిని శాస్త్రవేత్త/ఇంజినీర్ కొలువుల్లోకి తీసుకునే ఇస్రో ప్రకటనల్లో తరచుగా కనిపించేవి ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్. ఏరోస్పేస్ చెడ్డదని కాదు. ఆ కోర్సు బాగా చెప్పే సంస్థలు తక్కువ, ప్రయోగశాల లేని కళాశాలలో ఆ పేరు చూసి చేరడం మాత్రం నేను ఒప్పుకోను. తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో అయితే ఏరోస్పేస్‌తో పాటు ఏవియానిక్స్ (విమానాలు, రాకెట్లలో వాడే ఎలక్ట్రానిక్స్) కూడా ఉంది. అక్కడ బీటెక్ సీటు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో వస్తుంది. మీరు కోరుకునే కంప్యూటర్ సైన్స్ ఐఐటీలో రావాలన్నా రాయవలసింది అదే పరీక్ష. రెండింటికీ సన్నద్ధత ఒకటే కాబట్టి ఆ వాదనను కౌన్సెలింగ్ నాటికి వాయిదా వేయండి. ఈలోపు ఆ లాగరిథమ్ లెక్క పూర్తిచేశాక ఆమె అడిగే తర్వాతి ప్రశ్న ఏమిటో రాసి పెట్టుకోండి. ఏ బ్రాంచి అన్నది దాన్నిబట్టి చెప్పడం నాకు తేలిక.